గోడ మీది పసుపు చేతులు: పెద్దవాళ్ళ కోసం పాత బాత్రూం మార్చిన లెక్క

తెనాలిలో మా అత్తగారింట్లో స్నానాలగది పంపు పదేళ్ళుగా వదులే. ప్లంబరు వస్తాడు, టేపు చుట్టి బిగిస్తాడు, మూడు నెలలకి మళ్ళీ ఊగుతుంది. "అన్నీ నాసిరకం సరుకే" అని మావయ్యగారు తిట్టుకోవడం, మళ్ళీ కబురు పెట్టడం. తప్పు పంపుది కాదని నాకు తెలిసింది ఒక శుక్రవారం పొద్దున. అత్తయ్య పసుపు రాసుకుని స్నానం చేసి వెళ్ళాక నేను బట్టలు తడుపుదామని లోపలికెళ్ళాను. తెల్ల టైల్స్ మీద పసుపు చేతులు! పంపు మీద ఒకటి, దానిపైన గోడకి ఒకటి, కిటికీ గట్టు మీద వేళ్ళు మాత్రం, తలుపు గొళ్ళెం పక్కన అరచెయ్యి మొత్తం. పీట మీంచి లేవడానికి ఆవిడ పంపుని పట్టుకుంటోంది. అరవై కిలోల మనిషి రోజూ అరంగుళం పంపుకి వేలాడితే అది ఊగక ఏం చేస్తుంది?

అడిగితే, "పడలేదే అమ్మాయ్, మొన్నొకసారి కూర్చుండిపోయానంతే" అంది. పడటాన్ని పెద్దవాళ్ళు కూర్చోవడం అంటారు. ఈ అనువాదం మీరూ నేర్చుకోండి.

నేను గుంటూరులో ఇంటర్ పిల్లలకి లెక్కలు చెప్తాను. ఏది కనపడినా కొలిచే జబ్బు ఉంది. 2024 ఎండాకాలం సెలవుల్లో దగ్గరుండి ఆ బాత్రూం మార్పించాను. ఎక్కడ సరిగ్గా చేశానో, ఎక్కడ రెండుసార్లు డబ్బు పోసుకున్నానో అన్నీ రాస్తున్నాను, ఇంట్లో పెద్దవాళ్ళున్నవాళ్ళకి పనికొస్తుందని.

ముందు వారం రోజులు ఏమీ కొనకండి

షాపుకి వెళ్తే గ్రాబ్ బార్లు, అంటే గోడకి బిగించి పట్టుకునే రాడ్లు, షవర్ కుర్చీలు, ఎత్తు కమోడ్లు వరసగా చూపిస్తారు. అవన్నీ మంచివే. మీ ఇంట్లో మనిషి చెయ్యి ఎక్కడికి పోతుందో మాత్రం షాపువాడికి తెలియదు. అది గోడకే తెలుసు. పసుపు రాసుకునే అలవాటు లేకపోయినా గోడని పక్కనుంచి టార్చి వేసి చూడండి. నూనె చేతుల జిడ్డు మరకలు కనపడతాయి. వదులైన టవల్ రాడ్, ఒరిగిన సబ్బుపెట్టె, ఒకవైపు రంగు లేచిన తలుపు అంచు, ఇవన్నీ ఆసరా కోసం తడుముకున్న గుర్తులే. నేను ఆ పసుపు మరకల చుట్టూ స్కెచ్ పెన్నుతో గీతలు గీశాను. తర్వాత మేస్త్రికి నేనిచ్చిన ప్లాను అదే.

ఆ వారంలోనే కొలతలు. ఇంట్లో ఏ కుర్చీలోంచి వాళ్ళు చేతులు ఆనించకుండా లేవగలుగుతున్నారో చూసి, నేల నుంచి దాని ఎత్తు కొలవండి. కమోడ్ ఎత్తుకి అదే కొలమానం. మావయ్యగారికి ఎనభై మూడు, పొడుగరి, ఆరేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి సగమే పనిచేస్తుంది. ఆయనకి 18 అంగుళాలు కావాలి. అత్తయ్య నాలుగడుగుల పది అంగుళాలు, మోకాళ్ళు అరిగాయి. 18 అంగుళాల మీద కూర్చుంటే ఆవిడ పాదాలు గాల్లో ఉంటాయి. ఒకే గది, ఇద్దరు మనుషులు. ఈ చిక్కు ఎలా తేలిందో కింద చెప్తాను.

రాత్రిపూట కూడా ఒకసారి గమనించండి. బీపీ మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు వేసుకునేవాళ్ళకి పడుకుని గబుక్కున లేస్తే తల తిరగచ్చు. మావయ్యగారు రాత్రి మూడుసార్లు లేస్తారు. మంచం నుంచి బాత్రూం దాకా పద్నాలుగు అడుగులు. అందులో ఒక కుర్చీ, ఒక గుమ్మం, ఒక గోనెపట్టా. బాత్రూం బాగుచెయ్యడం అంటే మంచం దగ్గర మొదలెట్టాలని నాకు అప్పుడు అర్థమైంది. కుర్చీని ఆ రోజే జరిపేశాం. గోనెపట్టా విషయంలో మాత్రం అత్తయ్యతో రెండు రోజులు వాదన నడిచింది.

గోడ పగలగొట్టే ముందు

1988లో కట్టిన ఇల్లది. అప్పట్లో లెట్రిన్ వేరు, స్నానాలగది వేరు. పక్కపక్కనే రెండు చిన్న గదులు, మధ్యలో నాలుగున్నర అంగుళాల గోడ. లెట్రిన్ 3 అడుగులు, స్నానాలగది 5 అడుగులు, వెడల్పు రెండింటికీ 4 అడుగులే. ఇలాంటి ఇళ్ళు మన జిల్లాల్లో వీధికి పది ఉంటాయి. మధ్య గోడ తీసేస్తే వాకర్ తిరిగేంత, పక్కన ఇంకో మనిషి నిలబడి సాయం చేసేంత చోటు వస్తుంది.

"నాలుగున్నర గోడే కదమ్మా, సాయంత్రానికి లేపేస్తా" అన్నాడు మేస్త్రి. మా ఆడపడుచు కొడుకు సివిల్ ఇంజనీరు. వాడు వచ్చి పైకి చూసి, "అత్తా, ఆ అటక దేని మీద కూర్చుంది?" అన్నాడు. అవును, రెండు గదుల మీదా కాంక్రీటు అటక ఉంది, అందులో ముప్పై ఏళ్ళ ఇత్తడి సామాను ఉంది, దాని బరువు సగం ఈ గోడ మీదే ఉంది. ఆ సాయంత్రం గోడ లేపేసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడం కూడా ఇష్టం లేదు. ముందు సామాను దింపి, అటక కోయించి, ఆ తర్వాత గోడ తీయించాం. రెండు రోజులు అదనం. సన్న గోడ కదా అని మేస్త్రి మాట మీద ఏ గోడా తీయకండి. పైన ఏముందో తెలిసినవాళ్ళ చేత చూపించండి.

ఇంకొకటి, ఎవరూ చెప్పనిది. పని జరిగే పదహారు రోజులూ ఆ ఇద్దరూ ఎక్కడికి వెళ్ళాలి? మేము మొదటి రోజు పొద్దున్న దాకా ఆలోచించలేదు, సిగ్గుచేటు. పక్కింటివాళ్ళు స్నానానికి రమ్మన్నారు. రాత్రిళ్ళకి కింద బకెట్ ఉండే కమోడ్ కుర్చీ కొన్నాం. మెడికల్ సామాన్ల షాపుల్లో దొరుకుతుంది, కొన్నిచోట్ల అద్దెకి కూడా ఇస్తారు. గోడ మీద సుత్తి పడకముందే అది ఇంట్లో ఉండాలి.

నేల, వాటం

పాత గచ్చు గది బయటకంటే నాలుగు అంగుళాలు దిగువన ఉండేది. చీకట్లో ఆ దిగుడే పెద్ద గండం. దాన్ని ఎత్తు చేసి బయటి నేలకి సమం చెయ్యమంటే మేస్త్రి ఒప్పుకోలేదు. "నీళ్ళన్నీ పడగ్గదిలోకి వస్తాయమ్మా, తర్వాత నన్ను తిట్టుకుంటారు" అన్నాడు. అతని భయంలో న్యాయముంది. నీళ్ళు బయటికి రాకుండా ఆపేది గుమ్మమే అని అందరి నమ్మకం. నిజానికి ఆపాల్సింది వాటం, అంటే నేల ఏటవాలు. తలుపు దగ్గర నేల అన్నిటికంటే ఎత్తు, స్నానం చేసే మూల అన్నిటికంటే పల్లం ఉండాలి. ఐదడుగులకి ఒక అంగుళం దించమన్నాను. అంతకంటే ఎక్కువ దించితే కుర్చీ ఒరుగుతుంది, వాకర్ జారుతుంది. తక్కువైతే నీళ్ళు నిలిచి పాచి పడుతుంది. మూలన నీళ్ళు పోయే ఒక్క నహానీ ట్రాప్ బెజ్జానికి బదులు, స్నానం చేసే వైపు గోడ పొడుగునా సన్నటి జాలీ కాలువ పెట్టించాం. అలా చేస్తే వాటం ఒకే దిక్కుకి ఉంటుంది, నేల నాలుగు మూలలకీ వంకర తిరగదు. తలుపు దగ్గర అరంగుళం రాయి, దాని రెండు అంచులూ ఏటవాలుగా రుద్దించినది. అంతే, గుమ్మం లేదు.

టైల్స్ అతికించకముందే పరీక్ష చెయ్యండి. వాటం వేసిన సిమెంటు ఆరాక రెండు బకెట్లు తలుపు దగ్గర కుమ్మరించాం. ఒక చోట అరచెయ్యంత నీళ్ళు నిలిచాయి. రసమట్టం పెట్టి చూసి మేస్త్రే నాలుక కరుచుకుని సరిచేశాడు. వాటర్ ప్రూఫింగ్ పూసి రెండు రోజులు నీళ్ళు నిలగట్టడం మామూలుగా అందరూ చేసేదే. పైఅంతస్తు బాత్రూం అయితే దాన్ని అసలు వదలకండి.

టైల్స్ ఎంచుకోవడం. ఎండిన టైల్ మీద ఎవరూ జారరు. డబ్బా మీద యాంటీ స్కిడ్ అని ఉంటే సరిపోదు, ఆ మాట అందరూ వేసుకుంటారు. ఆర్9 నుంచి ఆర్13 దాకా ఒక లెక్క ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. అది బూట్లు వేసుకుని, నూనె పోసిన ఏటవాలు మీద నడిచి కట్టిన లెక్క. తడి మీద ఉత్తికాళ్ళకి ఏ, బీ, సీ అని వేరే తరగతులున్నాయి, వాటిలో సీ మేలు. ఆ వివరాలు మా ఊళ్ళో ఒక షాపువాళ్ళకే తెలిశాయి. కాబట్టి నా పద్ధతి చెప్తాను. ఒక సీసాలో నీళ్ళు, షాంపూ పొట్లం, చిన్న డబ్బాలో కొబ్బరినూనె తీసుకెళ్ళాను. నాలుగు రకాల టైల్స్ కింద పరిపించి, తడిపి, షాంపూ పోసి, చెప్పులు విడిచి నిలబడి కాలితో రుద్దాను. షాపు కుర్రాళ్ళు నవ్వారు. నవ్వనీయండి. మన ఇళ్ళలో తలంటు నూనె, సున్నిపిండి, పసుపు, ఇన్ని పడతాయి నేల మీద. వాటి మీద నిలిచే టైలే టైలు. ఆర్11 తీసుకున్నాం. మరీ గరుకైనది కూడా వద్దు, మురికి పట్టి వదలదు, పెద్దవాళ్ళ పాదాల చర్మం గీసుకుపోతుంది. రెండడుగుల పెద్ద పలకలకంటే అడుగు పలకలు నయం. జాయింట్లు ఎక్కువుంటే కాలికి పట్టు ఎక్కువ. జాయింట్లలో సిమెంటుకి బదులు ఎపాక్సీ, అంటే నీళ్ళు పీల్చని గట్టి జిగురు, నింపించండి.

రంగు గురించి ఒక ముక్క. తెల్ల నేల, తెల్ల గోడ, తెల్ల కమోడ్ పెట్టుకుని హోటల్లా ఉందని మురిసిపోతాం. చూపు మందగించినవాళ్ళకి అక్కడ ఏది ఎక్కడ ముగుస్తుందో తెలియదు. మేము నేలకి ముదురు బూడిదరంగు వేశాం, కమోడ్ తెలుపు. "ఇప్పుడు కనపడుతోందే" అన్నారు మావయ్యగారు. ఇన్నాళ్ళూ తడుముకుంటూ కూర్చునేవారని అప్పుడు తెలిసింది మాకు.

కమోడ్

అత్తయ్య ఎనభై ఏళ్ళూ గొంతుకూర్చున్న మనిషి. కుర్చీలాంటి దాని మీద కూర్చుంటే పని జరగదని ఆవిడ వాదన. నేను వాదించలేదు. మరమ్మతు నడిచిన పదహారు రోజులూ వాడిన కమోడ్ కుర్చీయే ఆవిడ వాదనని ఓడించింది.

కొనేముందు మీ గొట్టం నేలలోకి పోతుందా, గోడలోకి పోతుందా చూసుకోండి. నేలలోకైతే ఎస్ ట్రాప్, గోడలోకైతే పీ ట్రాప్. ఎస్ అయితే గోడ నుంచి గొట్టం నడిమధ్యకి ఎన్ని అంగుళాలో రాసుకుని మరీ షాపుకి వెళ్ళండి. లేకపోతే తెచ్చిన కమోడ్ వెనక్కి మొయ్యాల్సి వస్తుంది.

ఎత్తు చిక్కు ఇలా తేలింది. మామూలు కమోడ్ సీటుతో కలిపి దాదాపు 16 అంగుళాలుంటుంది. దాని కింద ఒక అంగుళం దిమ్మ కట్టించి 17 చేశాం. అత్తయ్య పాదాల ముందు భాగం నేలకి ఆనుతుంది, మావయ్యగారు రాడ్ ఆసరాతో లేస్తారు. ఇద్దరికీ పూర్తిగా కుదరలేదు, అయినా ఇద్దరికీ సరిపోయింది. కాళ్ళకింద చిన్న పీట వేస్తే సరి అని ఎవరైనా అంటే వినకండి, రాత్రి దాన్నే తన్నుకుని పడతారు. దిమ్మ విషయంలో మేము చేసిన తప్పు కూడా చెప్తాను. మేస్త్రి అందంగా ఉంటుందని చుట్టూ మూడు అంగుళాలు బయటికి వచ్చేలా కట్టాడు. మావయ్యగారు తిరిగి కూర్చోబోతూ మొదటిరోజే మడమ కొట్టుకున్నారు. దాన్ని కమోడ్ అంచు దాకా చెక్కించాల్సి వచ్చింది.

గది మధ్యలో కమోడ్ పెట్టకండి. నాలుగడుగుల వెడల్పులో నడిమధ్యన పెడితే రెండు గోడలూ రెండేసి అడుగుల దూరంలో ఉంటాయి, ఏదీ అందదు. మాది కుడిగోడకి 16 అంగుళాల దూరంలో ఉంది. మావయ్యగారి మంచి చెయ్యి కుడిది కాబట్టి కుడిగోడకి రాడ్. ఎడమవైపు ఖాళీలో మడతపెట్టే రాడ్, వెనక గోడకి బిగించినది, అత్తయ్యకి. ఎవరైనా పట్టుకుని కూర్చోబెట్టాల్సి వస్తే అది పైకి మడిస్తే చోటు వస్తుంది.

ఇక మావయ్యగారు ఎవరికీ చెప్పుకోలేని సంగతి ఒకటుంది. ఎడమ చెయ్యి పనిచెయ్యని మనిషి కడుక్కోవడం ఎలా? ఆరేళ్ళుగా కుడిచేత్తోనే కానిస్తూ, తర్వాత అరగంట సబ్బుతో రుద్దుకునేవారట. అన్నం తినే చెయ్యి కదా. మా ఆయనతో కూడా అనలేదు ఆ మాట. కమోడ్ సీటు కిందే అమర్చే జెట్ ఒకటి వస్తుంది, పక్కన మర తిప్పితే నీళ్ళు కొడుతుంది, చెయ్యి పెట్టక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. మర కుడివైపు ఉన్నది చూసి పెట్టించాం. మొత్తం పనిలో అదే అన్నిటికంటే చవక సామాన్లలో ఒకటి. ఆయన ఏమీ అనలేదు. ఆ రోజు మధ్యాహ్నం భోజనం దగ్గర అన్నం కలుపుతూ చేతివంక ఒకసారి చూసుకున్నారు.

రాడ్లు

ఇక్కడ పొదుపు చెయ్యకండి, తొందరా పడకండి. టవల్ రాడ్ పట్టుకునే రాడ్ కాదు, అది తువ్వాలు బరువుకే పుట్టింది. రబ్బరు కప్పుతో గోడకి అతుక్కునే రాడ్లు ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తాయి. అవి లేనిదానికంటే ప్రమాదం. లేదని తెలిస్తే మనిషి జాగ్రత్తపడతాడు, ఉందని నమ్మి బరువు వేసినరోజున అది ఊడుతుంది.

304 రకం స్టీలు, పైభాగం గరుకుగా ఉన్నది తీసుకోండి. నున్నటి మెరుపు రాడ్ సబ్బుచేతిలో చేపలా జారుతుంది. లావు 32 నుంచి 38 మిల్లీమీటర్లు ఉంటే గుప్పిట మూసుకుంటుంది. గోడకీ రాడ్‌కీ మధ్య ఒకటిన్నర, రెండు అంగుళాలు. ఇంకా ఎక్కువ సందు ఉంటే జారినప్పుడు ముంజెయ్యి అందులో దూరి విరుగుతుంది.

బిగించడంలోనే ఉంది అసలు పని. టైలు, దాని వెనక ప్లాస్టరింగు కలిపి అంగుళానికి పైనే ఉంటుంది. షాపువాడు డబ్బాలో వేసిచ్చే పొట్టి మరలు ఆ రెండింట్లోనే ఆగిపోతాయి, ఇటుకని తాకవు. నాలుగంగుళాల యాంకర్ ఫాస్టెనర్లు, అంటే గోడలో విచ్చుకుని పట్టుకునే బోల్టులు, విడిగా కొనండి. తొమ్మిదంగుళాల ఇటుక గోడ అయితే బాధ లేదు. నాలుగున్నర గోడ అయినా, అపార్ట్‌మెంట్లలో కట్టే తేలిక తెల్లబ్లాకులైనా మామూలు ఫాస్టెనర్లు నమ్మలేం. బెజ్జంలో జిగురు నింపి బోల్టు పెట్టే కెమికల్ యాంకర్ వేయించండి, లేదా గోడకి అవతలివైపు రేకు పెట్టి బోల్టు ఆరపార బిగించండి. టైలుకి బెజ్జం వేసేటప్పుడు డ్రిల్ మీద హ్యామర్ మీట ఆపి ఉంచాలి, టైలు దాటాకే వెయ్యాలి. కొత్త టైల్ పగిలిందని ఏడ్చేది మనమే.

ఎత్తు ఎంత? కమోడ్ పక్కన అడ్డరాడ్ సీటుకి ఎనిమిది నుంచి పది అంగుళాలు పైన ఉంటే అరచెయ్యి ఆనించి పైకి నెట్టుకుని లేవచ్చు. మాది నేల నుంచి 26 అంగుళాలు వచ్చింది. మీది అంతే ఉండాలని లేదు. మనిషిని కమోడ్ మీద కూర్చోబెట్టి, లేవమని, చెయ్యి ఎక్కడికి వెళ్తే అక్కడ పెన్సిల్ గీత పెట్టండి. తలుపు పక్కన మాత్రం నిలువు రాడ్ కావాలి. లోపలికి అడుగు వేసేటప్పుడు మనిషి పట్టుకుని లాక్కుంటాడు, నెట్టడు. అత్తయ్య పసుపు అరచెయ్యి ఉన్నచోటే అది పెట్టాం. పంపు స్థానంలో ఎల్ ఆకారపు రాడ్ పెట్టి, పంపుని అడుగు పక్కకి జరిపాం.

బిగించాక నేను రెండు చేతులతో పట్టుకుని వెనక్కి వాలి వేలాడాను. డెబ్బై నాలుగు కిలోలు నేను. మేస్త్రి మొహం తిప్పుకున్నాడు, రాడ్ మాత్రం కదల్లేదు.

బడ్జెట్ లేనివాళ్ళు ఇక్కడికి చాలనుకోండి. సరైన చోట రెండు రాడ్లు, ఒక మంచి కుర్చీ, రాత్రి దీపం, ఈ మూడూ పదివేల లోపే అయిపోతాయి. ఏ గోడా పగలగొట్టక్కర్లేదు. మాకు మొత్తం లక్షా నలభై వేలు దాకా అయింది, అందులో సగం గోడకీ నేలకీ పోయింది.

స్నానం

షవర్ పెట్టించినంత మాత్రాన మనవాళ్ళు షవర్ కింద నిలబడరు. బకెట్, చెంబు, పీట. ఈ మూడింటినీ ఒప్పుకునే ఏర్పాటు చెయ్యాలి. పీట నాలుగంగుళాలు, అక్కణ్ణించి లేవడమే గొడవ. షవర్ కుర్చీ కొన్నాం. కాళ్ళు నాలుగూ విడివిడిగా ఎత్తు మార్చుకోగలిగేది, కింద లావు రబ్బరు తొడుగులు ఉన్నది, చక్రాలు లేనిది. హాల్లో వాడే ప్లాస్టిక్ కుర్చీ వేస్తామంటారు కొందరు. తడినేల మీద దాని కాళ్ళు చాపుకుని పోతాయి, జాగ్రత్త.

కుర్చీ మీద కూర్చుంటే బకెట్ పాతాళంలో ఉంటుంది. వంగి వంగి చెంబుతో తోడుకోవడంలోనే ముందుకి పడతారు. అందుకని బకెట్‌కి పద్నాలుగు అంగుళాల ఎత్తున గ్రానైటు పలకతో అరుగు కట్టించాం, పంపు దాని పైకి వచ్చింది. నిండు బకెట్ ఇరవై కిలోలు. దాన్ని ఎవరూ కదపక్కర్లేకుండా పంపు కిందే ఉండిపోతుంది. చేత్తో పట్టుకునే షవర్ కూడా గొట్టంతో పెట్టించాం. అత్తయ్య దాన్ని నెలరోజులు ముట్టుకోలేదు. తలంటు రోజున నేను దాంతో కుంకుడురసం కడిగితే, "మెడ వంచక్కర్లేదేంటి" అంది. అప్పట్నుంచి తలంటుకి మాత్రం వాడుతుంది.

వేడినీళ్ళు, కరెంటు

హీటర్ రాడ్ బకెట్లో వేసే ఇల్లయితే ముందు దాన్ని అవతల పారెయ్యండి, ఇంకేమాటా వద్దు.

గీజర్ మర 60 డిగ్రీలకి తిప్పి వదిలేస్తాం. అంత వేడి నీళ్ళు నేరుగా పడితే ఐదారు సెకన్లలో చర్మం లోతుగా కాలుతుంది. పెద్దవాళ్ళ చర్మం పలచన, స్పర్శ తెలియడం ఆలస్యం, షుగర్ ఉంటే ఇంకా ఆలస్యం. డబ్బుంటే వేడిని తనే అదుపులో ఉంచే థర్మోస్టాట్ మిక్సర్ పెట్టించి 38కి ఆపెయ్యండి. లేకపోతే చన్నీళ్ళు ముందు, వేణ్ణీళ్ళు తర్వాత అనే పద్ధతి ఇంట్లో అందరికీ అలవాటు చెయ్యండి.

బోర్డులో ఎంసీబీ ఉంది కదా, షాక్ కొడితే పడిపోతుందిలే అనుకుంటారు. పడదు. అది వైర్లు కాలకుండా కాపాడేది. మనిషిని కాపాడేది 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు. మా ఎలక్ట్రీషియన్ పెట్టిన రోజే అది పదేపదే పడిపోయింది. వెతికితే పాత గీజర్ లోపల లీకేజీ. ఎన్నాళ్ళుగా అలా ఉందో! కొత్త గీజర్ కొన్నాం, ఎర్తింగు కొత్తగా వేయించాం. ఆర్‌సీసీబీకి టెస్ట్ అని చిన్న బొత్తాం ఉంటుంది, నెలకోసారి నొక్కి పడుతోందో లేదో చూడాలి.

తలుపు, దీపం, గంట

లోపలికి తెరుచుకునే తలుపుకి అడ్డంగా మనిషి పడితే బయటివాళ్ళు తోసి తెరవలేరు. తలుపు బయటికి తెరుచుకోవాలి. మాది రెండడుగుల తలుపు, వాకర్ పట్టలేదు. ద్వారబంధం మార్చి మూడడుగులు చేశాం. లోపలి గడియ తీసేస్తానంటే అత్తయ్య గయ్యిమంది. మానం మర్యాద ఉండక్కర్లేదా అని. బయటినుంచి నాణెంతో తిప్పి తీయగల గొళ్ళెం పెట్టించాం. అయినా ఆవిడ లోపలికెళ్తే తలుపు మీద తువ్వాలు వేస్తుంది, అదే బోర్డు.

మంచం కింద ఒకటి, దారిలో ఒకటి, బాత్రూంలో ఒకటి, మనిషి కదిలితే వెలిగే సెన్సర్ దీపాలు. మోకాలి కంటే కింద పెట్టండి, వెలుగు నేల మీద పడాలి, కళ్ళలో కాదు. తీగ లేని కాలింగ్ బెల్ బొత్తాం ఒకటి కమోడ్ పక్కన గోడకి, నేల నుంచి అడుగు ఎత్తున అంటించాం. అంత కిందెందుకంటే, కావాల్సి వచ్చేది కింద పడ్డప్పుడే కాబట్టి.

తర్వాత

యాసిడ్ పోసి కడగద్దని పనమ్మాయికి చెప్పండి. టైలు పైపొర, జాయింట్లు పాడవచ్చు. సబ్బుజిడ్డు పొర పేరుకుంటే ఆర్11 అయినా జారుతుంది, అందుకని వారానికోసారి గట్టి బ్రష్షుతో రుద్దాలి. రాడ్లన్నీ నెలకోసారి పట్టి గుంజి చూడాలి. కుర్చీ రబ్బర్లు అరిగాయేమో తిప్పి చూడాలి. తలుపు దగ్గర మడతపెట్టిన పాతచీర గుడ్డలు వెయ్యద్దు. ఈ ఒక్కటీ నేను గెలవలేకపోతున్నాను. నేను తీస్తాను, గుంటూరు బస్సెక్కుతాను, వచ్చే వారానికి ఇంకో చీర ముక్క ఉంటుంది.

మొన్న శుక్రవారం కూడా అక్కడే ఉన్నాను. అత్తయ్య స్నానం అయ్యాక వెళ్ళి చూశాను. ఎల్ రాడ్ మీద పసుపు ఉంది, తలుపు పక్క నిలువు రాడ్ మీద ఉంది, పంపు శుభ్రంగా ఉంది. కిటికీ గట్టు మీద మాత్రం నాలుగు వేళ్ళు మళ్ళీ ఉన్నాయి. అక్కడ రాడ్ పెట్టలేదు నేను, అనవసరం అనుకున్నాను. స్కెచ్ పెన్నుతో చుట్టూ గీసి, డ్రిల్ అబ్బాయికి ఫోన్ చేశాను. ఆదివారం వస్తానన్నాడు.